బ్రేక్ వ్యాన్ ఉన్న యుద్ధనౌక

మంగళవారం ఉదయం పది దాటిన నాలుగు నిమిషాలకు నిమ్‌పురా గ్రహం శత్రువుల పాలైందని తబితకు తెలిసింది. అప్పటికి ఆమె కుడిచెయ్యి చింతపండు గిన్నెలో ఉంది. ఎడమచేతి చిటికెన వేలితో టాబ్ తెరను పైకి తోసి మరోసారి చదివింది. పోయింది నిజమే. చారు మాత్రం ఆగదు కాబట్టి పులుసు పిండి, పిప్పి పారేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

ఆట పేరు ‘ఏడో ఆకాశం’. అందులో ఎవరి తొందరా పనికిరాదు. ఎవరి ఆజ్ఞలు వాళ్ళు రోజంతా రాసి పెట్టుకుంటే, మర్నాడు ఉదయం పదింటికి అన్నీ ఒకేసారి అమలవుతాయి. ఎవరి నౌక ఎక్కడికి చేరింది, ఎవరి గ్రహం ఎవరికి పోయింది అనేది ఆ నిమిషంలో తేలుతుంది. మిగిలిన రోజంతా ఆలోచనకే. కుక్కర్ విజిళ్ళ మధ్య సామ్రాజ్యం నడుపుకోవలసిన మనిషికి ఇంతకన్నా అనువైన యుద్ధం దొరకదు.

ఫోన్ మోగింది. గ్రూప్ కాల్.

“ఆంటీ, చూసినారా?” అన్నాడు అమర్‌నాథ్. అతని గొంతు వెనక ఏదో యంత్రం ఇనుమును కోస్తోంది. అతను ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజినీరు. ఆటలో వీళ్ళందరి పూరీ గేట్ నౌకాదళానికి కమాండర్. రెండు ఉద్యోగాలూ ఒకే గొంతుతో చేస్తాడు.

“చూసినాను బాబూ.”

“మూడు సరుకు నౌకలు వచ్చినాయి. రాడార్ కూడా సరుకు నౌకలనే చూపించింది. దగ్గరికొచ్చి తలుపులు తీస్తే లోపల్నుంచి ఫైటర్లు. అది మన గూడ్స్ కదా ఆంటీ. నా గూడ్స్.”

‘మన’ నుంచి ‘నా’కు రావడానికి అతనికి ఒక్క ఊపిరి పట్టింది. తబిత వినీ విననట్టు టాబ్ తెర తుడిచింది. నౌక మొత్తం వంద టన్నులైతే, అందులో నలభై టన్నులు గిడ్డంగికి వదిలేస్తే అవతలివాళ్ళ రాడార్ దాన్ని సరుకు నౌక అనుకుంటుంది, ఫిరంగులు పేలవు. ఈ సంగతి ఆడేవాళ్ళందరికీ తెలుసు. కానీ నలభై టన్నులు వృథా చేసి యుద్ధనౌక కట్టే పిచ్చివాళ్ళు ఎవరూ లేరు. ఆ గిడ్డంగిలోనే చిన్న ఫైటర్లను కుక్కవచ్చని ఇరవై రోజుల కిందట తబితకు తట్టింది. దానికి గూడ్స్ అని పేరు పెట్టి పంపితే, అందరూ చూసే దళం బోర్డు మీద ఆ రకం నౌకకు అతని పేరే పడి, అది ‘అమర్‌నాథ్ క్లాస్’ అయి కూర్చుంది. “అన్నీ ఒకేలా ఉండాలని ఆంటీ, అంతే” అన్నాడు అప్పుడు.

“అది ఇంకా రేవు దాటలేదు,” అన్నాడు ఇప్పుడు. “ఒక్క యుద్ధంలో కూడా వాడలేదు. మన నలుగురికి తప్ప ఎవరికీ తెలీదు. అంటే మనలో ఒకరు ఇచ్చినారు.”

నలుగురిలో గిరిబాబు టికెట్ కలెక్టరు. అతను కాల్‌లోనే ఉన్నాడు కానీ ఏదో రైల్లో ఉన్నాడు. మధ్యమధ్య “ఆగే బఢో” అని ఎవరినో ముందుకు నడవమంటున్నాడు. నాలుగో మనిషి రాధారాణి. పోయిన నిమ్‌పురా ఆమెదే. తన పదకొండు గ్రహాలకూ ఖరగ్‌పూర్ పేటల పేర్లు పెట్టుకుంది: మాలంచ, ఇందా, నిమ్‌పురా, గోల్‌బజార్. ఆమె కాల్‌లో లేదు. ఆమెను పిలవలేదు.

“రాధా దీదీ షాపుకి ఎవరొస్తారో మీకు తెలుసు కదా,” అన్నాడు అమర్‌నాథ్. “ఇంజినీరింగ్ క్యాంపస్ కుర్రాళ్ళు. మన మీదికొచ్చిన నీలి తోకచుక్క దళమంతా వాళ్ళే. ఇంకేటి ప్రూఫ్ కావాలి? రూల్ ఏడు ఉంది. రహస్యం ఎవరి దగ్గర్నుంచి పోతే వాళ్ళ ఖాతా బయటికి, గ్రహాలు మిగిలినోళ్ళకి. ఆదివారం మీటింగ్‌లో ఫైనల్ చేద్దాం. రిపోర్ట్ మీరు రాయాలి ఆంటీ, గూఢచారి శాఖ మీదే కదా.”

శాఖ తబితదే. దాన్ని ఆమెకు అప్పగించినప్పుడు అతను చెప్పిన కారణం, ఇంట్లోనే ఉంటారు కాబట్టి టైమ్ ఉంటుందని.

“రాస్తాను,” అంది తబిత. “ఎవరి పేరు రాయాలో తేలినాక.”

బుధవారం భోజనాల వేళ దాటాక ఆమె బ్యాటరీ రిక్షా టోటో ఎక్కి ప్రేమ్ బజార్‌లో దిగింది. రాధారాణి షాపు క్యాంపస్ గేటుకు ఎదురు వరసలో, ఎగ్ రోల్ బండి పక్కన. జెరాక్స్, లామినేషన్, బైండింగ్. కాగితం కట్టల మధ్య ఒక మనిషి నిలబడితే రెండో మనిషి గుమ్మంలో నిలబడాలి. రాధారాణి పది కాగితాలను కలిపి అంచులు బల్లకేసి తట్టి, మిషన్లో పెట్టి, పిడి కిందికి దించుతోంది. కరక్ మని చిల్లులు పడ్డాయి. మళ్ళీ పది. మళ్ళీ తట్టడం. ముప్పై రెండేళ్ళ మనిషి. కాగితం అంచు కోసిన గీతలు వేళ్ళ నిండా ఉన్నాయి.

“రండాంటీ. మీరూ అడగడానికే వచ్చినారా?”

“చూడ్డానికి వచ్చినాను.”

“చూడండి మరి. ఇదిగో నా గూఢచారి పని. నూట అరవై పేజీలు, కాంక్రీటు పగుళ్ళ మీద.” ప్లాస్టిక్ చుట్టను మొదటి చిల్లులో దూర్చి బొటనవేలితో తిప్పుతూ పోయింది. చుట్ట పాములా పాకి చివరికి చేరింది. కటింగ్ ప్లయరుతో మిగులు తుంచి, కొస లోపలికి వంచింది. “ఈ కుర్రాళ్ళ ముఖాలు కూడా నాకు గుర్తుండవు. కవర్ రంగులు గుర్తుంటాయి. అందులో ఎవుడు నీలి తోకచుక్కో నాకేటి తెల్సు?”

“అమర్‌నాథ్‌తో అన్నావా ఆ మాట?”

“సెప్పినాను. ప్రూఫ్ ఏది దీదీ అన్నాడు. సెయ్యనేదు అన్నదానికి ప్రూఫ్ ఎక్కడ అమ్ముతారాంటీ? దొరికితే రెండు కాపీలు తీసి ఒకటి గోడకి లామినేట్ సేసి పెడతాను.”

కళ్ళద్దాల కుర్రాడొకడు గుమ్మంలోంచి పెన్‌డ్రైవ్ అందించాడు. “దీదీ, బ్లాక్ కవర్. గైడ్‌కి ఇంకా చూపించలేదు, ఎవరికీ కనబడకూడదు,” అన్నాడు హిందీలో. “ఠీక్ హై,” అంది రాధారాణి. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ పక్కన కాకుండా తన జాకెట్లో చిన్న పర్సులో వేసుకుంది. కుర్రాడు వెళ్ళాక తబిత వైపు తిరిగింది.

“గ్రహాలు పోతే పోనీండి. కష్టపడి కట్టుకున్నాను, ఏడుస్తాను, ఊరుకుంటాను. కాని ఆదివారం నన్ను లీక్ చేసిందని తీసేస్తే ఆ మాట ఈళ్ళకీ తెలుస్తాది కదా. ఈళ్ళూ అదే ఆట ఆడతారు. సోమవారం ఆ కుర్రాడు నాకు పెన్‌డ్రైవ్ ఇస్తాడా? నా పనే పరాయోళ్ళ కాగితాలాంటీ.”

తబిత గుమ్మంలోంచి కాస్త జరిగి, మిషన్ కింద పడిన కాగితపు చుక్కల్ని చెప్పుతో ఒక పక్కకు నెట్టింది. ఆమెకు రాధారాణి మీద జాలి కలిగింది. జాలి కలిగినంత మాత్రాన అనుమానం పోలేదు. గూఢచారి శాఖకు జాలితో రిపోర్టు రాసే వీల్లేదు.

“ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి,” అంది.

గురువారం పప్పు నానబెట్టి, సొలొమోను వర్క్‌షాప్‌కి వెళ్ళిపోయాక, వంటింట్లో బియ్యం డబ్బా వెనక నుంచి డైరీ తీసింది. సొలొమోను తబిత భర్త, రైల్వే వర్క్‌షాప్‌లో సరుకు పెట్టెలు బాగుచేసే వ్యాగన్ షాపులో సీనియర్ టెక్నీషియను. ఏటేటా యూనియన్ వాళ్ళిచ్చే డైరీని తెచ్చి ఆమెకిస్తాడు. అందులో ఆమె నౌకలు గీస్తుంది. ఏ డిజైనైనా ముందు పెన్సిల్‌తో కాగితం మీద గీస్తే గాని ఆమెకు బరువు తెలియదు.

దొంగను పట్టే ఉపాయం ఆమెది కాదు, కాలనీ ఆడవాళ్ళందరిదీ. క్రిస్మస్‌కి ముప్పై ఇళ్ళకు కేకు పంపేటప్పుడు స్టీలు డబ్బాల అడుగున పేరు చెక్కించి పంపుతారు. ఏ డబ్బా ఎవరింట్లో ఉండిపోయిందో పేరే చెబుతుంది. నౌకకు అడుగున చెక్కితే సరి. గూడ్స్‌కి రెండో రకం గీసింది: గిడ్డంగిని గదులుగా విడగొట్టి, ఒక గదికి దెబ్బ తగిలినా మిగతావి నిలిచేలా. శనివారం దాడికి ఇదే వాడదామని రాసి మూడు ప్రతులు పంపింది. అమర్‌నాథ్ ప్రతిలో గిడ్డంగి నలభై ఒక్క టన్నులు. గిరిబాబు ప్రతిలో నలభై రెండు. రాధారాణి ప్రతిలో నలభై మూడు. శత్రువుల రేవులో ఏ అంకె తేలితే ఆ ఇంట్లో దొంగ ఉన్నట్టు.

డైరీలో మాత్రం నలభై టన్నులే ఉంది. అయితే అక్కడ నౌక చివర ఒక ఖాళీ గది కూడా ఉంది, ఆరు టన్నులది. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన చెయ్యి, సరుకు బండి గీస్తూ చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్ గీయకుండా ఆగదు. ఆకాశంలో గార్డు ఎర్ర జెండా ఎవరికి చూపిస్తాడని తనలో తనే నవ్వుకుని, పంపిన మూడు ప్రతుల్లోనూ దాన్ని తీసేసింది. డైరీలో కొట్టేసే లోపల పాలవాడు బెల్లు కొట్టాడు.

శుక్రవారం ఏమీ జరగలేదు. గ్రూపులో అమర్‌నాథ్ రిపోర్ట్ ఎంతవరకు వచ్చిందని మూడుసార్లు అడిగాడు. తబిత మూడుసార్లూ పనిలో ఉన్నానని బొమ్మ పెట్టింది.

శనివారం పదింటికి ఆమె పంపిన వేగు నౌక నీలి తోకచుక్క రేవు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. రేవులో కొత్త నౌక సగం కట్టి ఉంది. గదులుగా విడగొట్టిన గిడ్డంగి. తబిత చేతి తడి చీరకు తుడుచుకుని అంకె చూసింది. నలభై ఒకటి కాదు. రెండు కాదు. మూడూ కాదు. నలభై. కింద ఇంకో వరస: చివరి గది, ఖాళీ, ఆరు టన్నులు.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత స్టవ్ కట్టేసింది. ఆరు టన్నుల ఖాళీ గదిని ఏ ఇంజినీరింగ్ కుర్రాడూ నౌకలో ఉంచడు. వృథా బరువని మొదటి రోజే కోసేస్తాడు. ఆ గది ఉన్న కాగితం ప్రపంచంలో ఒక్కటే, అది బియ్యం డబ్బా వెనక ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకరు తను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తబితకు రెండు రోజులు పట్టింది.

సొలొమోను మధ్యాహ్నం వచ్చాడు. సైకిల్‌కి స్టాండు వేసి, పెరట్లో కొళాయి దగ్గర గొంతుకూర్చుని, సబ్బు పొడిలో రంపపు పొట్టు కలిపి చేతులకు రుద్దుకుంటున్నాడు. గ్రీజు ముందు నల్లగా కరిగి, తర్వాత బూడిద రంగు నురగ అవుతుంది. వేళ్ళ సందులు ఒక్కొక్కటే, తొందర లేకుండా. తబిత తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది. ఇరవై ఆరేళ్ళుగా అలాగే నిలబడుతోంది.

“ఆ చివరి గది తీసెయ్యకుండా ఎందుకు ఉంచినారు?” అంది.

“బ్రేక్ వ్యాన్ లేకుండా బండి ఎలాగ ఒగ్గుతారు?” అన్నాడు సొలొమోను. అన్నాక చేతులు ఆగిపోయాయి. కొళాయి కట్టేశాడు. నురగ మోచేతుల దాకా జారింది.

తబిత కొళాయి మళ్ళీ తిప్పింది. “కడుక్కోండి. ఎన్నాళ్ళయింది?”

“వానలప్పటి నుంచి.”

“శత్రువుల్లో చేరినారా. నా డైరీ తీసుకెళ్ళి.”

“ముందు నిన్నే అడిగినాను. నన్ను కూడా చేర్చుకోమన్నాను. ఏటన్నావు?”

ఆమెకు గుర్తు రాలేదు. సొలొమోనుకు గుర్తుంది. “రిమోట్ ఎక్కడుందో కనపడదు మీకు, గ్రహాలేటి కనపడతాయి, అన్నావు.”

“జోకుకి అన్నాను.”

“నవ్వినాను కదా మరి.” తువ్వాలు అందుకుని తుడుచుకున్నాడు. “ఆ పిల్లలు నన్ను వ్యాగన్ దాదా అంటారు, మనం అన్న అన్నట్టు. నేనెవరో, ఏ ఊరో వాళ్ళకి తెల్దు. బరువు ఎక్కడ పెడితే ఎటు ఒరుగుతాదో అడుగుతారు. సెప్తే ఇంటారు. ఆ గది ఎందుకు దాదా అన్నారు. ఉండనీ అన్నాను. ఉంచినారు.”

“నా డిజైను ఇచ్చి దాదా అయినారు.”

“నీదా?” అన్నాడు. గొంతు పెంచలేదు. “పైన సీలు సూస్తారు గాని లోపల సరుకు ఎవుడు సూస్తాడు. ఆ మాట ఎవులిది?”

ఆ మాట ఆయనదే. మూడు వారాల కిందట ఒక ఆదివారం, చందువా చేప ముల్లు తీస్తూ ఆయన చెప్పిన కబురు అది. రిపేరుకి ఒక మూత వ్యాగన్ వచ్చింది. సీలు చెక్కుచెదరలేదు, కాగితాల్లో ఖాళీ అని ఉంది. తలుపు లాగితే లోపల్నుంచి తేనెటీగలు, షాపు మొత్తం పరుగు. ఆమె పడీపడీ నవ్వింది. మర్నాడు గూడ్స్ గీసింది. గిడ్డంగిని గదులు చెయ్యడమూ ఆయన మాటే. నూనె ట్యాంకులో అడ్డు రేకులు ఎందుకుంటాయో ఒకసారి అన్నం మీద వేలితో గీసి చూపించాడు. ఆమె ఊఁ కొడుతూ ఇంకాస్త పప్పు వేసింది.

అమర్‌నాథ్ తన పేరు పెట్టుకున్నాడని ఆమె ఇరవై రోజులుగా కుతకుతలాడుతోంది. ఆ కుతకుతలో రెండుసార్లు కూర మాడింది కూడా. మాడిన కూర తిన్నది సొలొమోను.

“అక్కడ ఆ బండికి ఏం పేరు పెట్టినారు?” అని అడిగింది చివరికి.

“దాదా క్లాస్,” అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

తబిత తువ్వాలు తీసుకుని తీగ మీద ఆరేసింది. రెండు కొసలూ సమంగా లాగింది. “రేపు మీటింగ్‌లో మీ పేరు చెప్తాను. లేకపోతే ఆ పిల్ల షాపు మూసుకోవాలి.”

సొలొమోనుకు రాధారాణి సంగతి తెలియదు, తబిత చెప్పింది. విన్నాడు. వింటూ మోచేతి మీద మిగిలిన నురగను గోటితో గీకాడు. “సెప్పు,” అన్నాడు. “నేనూ వొస్తాను. ముక్కూమొకం సూసి సెప్తే నమ్ముతారు.”

ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి తిని, నాలుగింటికి ఇద్దరూ ప్రేమ్ బజార్ వెళ్ళారు. విచారణ ముద్దాయి షాపులోనే పెట్టారు, ఎందుకంటే వైఫై అక్కడే బాగుంది. షట్టరు సగానికి దించి ఉంది. లోపల అమర్‌నాథ్, గిరిబాబు కాగితం కట్టలు తీసేసిన జాగాలో రెండు స్టూళ్ళ మీద. రాధారాణి తన మిషన్ వెనక, చేతులు కట్టుకుని. సొలొమోను వంగి షట్టరు కిందనుంచి లోపలికి వచ్చేసరికి అమర్‌నాథ్ లేచి స్టూలు ఇచ్చాడు.

“అంకుల్, మీరు కూడా ఆడతారా?”

“ఆడతాను బాబూ. అవతల పక్క.”

తబిత రిపోర్టు చదివింది. మూడు వాక్యాలు. రెండు డిజైన్లూ ఆమె వంటింటి డైరీ నుంచే పోయాయి. పట్టుకెళ్ళింది ఆమె భర్త. రాధారాణికి పంపిన ప్రతి ఆమె దగ్గర్నుంచి కదల్లేదు, అంకెలే సాక్ష్యం. చదివి, వేగు నౌక తెచ్చిన వివరాలు టాబ్‌లో తెరిచి మిషన్ మీద పెట్టింది. గిరిబాబు వంగి చూసి, చివరి గది దగ్గర ఆగి, “బ్రేక్ వ్యాన్,” అన్నాడు గౌరవంగా.

అమర్‌నాథ్ నవ్వేశాడు. మనసు తేలికపడిన నవ్వే. “అయితే ఫ్యామిలీ మేటర్ ఆంటీ. అంకుల్ సరదాకి చేసినారు. ఒగ్గేద్దాం. క్లోజ్.”

“రాధారాణికైతే రూల్ ఏడు. నాకైతే ఫ్యామిలీ మేటరా?”

“మీరు వేరు కదా ఆంటీ.”

“వేరు కాదు బాబూ. రహస్యం నా దగ్గర్నుంచి పోయింది. నా ఖాతా తీసెయ్యి. నాకు పంతొమ్మిది గ్రహాలున్నాయి, అందులో ముందు రాధారాణి ఎంచుకోవాలి. దానికన్నా ముందు ఆమె తప్పు లేదని బోర్డు మీద నీ పేరుతో రాయి. అన్ని దళాలకీ కనపడేలా.”

“డిజైన్లు,” అన్నాడు గిరిబాబు నెమ్మదిగా. “అవి ఎవరి ఖాతాలో చేస్తే ఆ ఖాతాతోనే పోతాయి కదా.”

అమర్‌నాథ్ ఫోన్ తీసి చూసుకున్నాడు. రేవులో ఉన్న పద్నాలుగు రకాల నౌకలూ తబిత ఖాతాలో తయారైనవే. బోర్డు మీద మాత్రం పద్నాలుగూ అతని క్లాసులే. అతని బొటనవేలు తెర మీద పైకి, కిందికి చాలాసేపు తిరిగింది. ఎంత తిప్పినా ఖాతా వరసలో తబిత పేరు తప్ప ఇంకోటి రాలేదు.

“పేరు మార్చేస్తాను ఆంటీ. తబిత క్లాస్. ఇప్పుడే మార్చేస్తాను. మీరు ఉండండి.”

“తబిత క్లాస్ అని పెట్టినా తప్పే అవుతాది,” అంది ఆమె. సొలొమోను లామినేషన్ మిషన్‌ను వంగి పరీక్షగా చూస్తున్నాడు, ఆ మాట వేరెవరి గురించో అన్నట్టు. “ముందు రాయి.”

అమర్‌నాథ్ రాశాడు. రాసింది రాధారాణికి చూపించాడు. ఆమె చదివి, “‘పొరపాటు జరిగింది’ కాదు, ‘నేను పొరపడ్డాను’,” అని దిద్దింది. పరాయి కాగితాల్లో తప్పులు చూడటం ఆమెకు రోజూ పనే. దిద్దాకనే బోర్డు మీదికి పోయింది.

బయటికొచ్చేటప్పుడు రాధారాణి షట్టరు పైకెత్తి పట్టుకుంది. “నన్నూ అనుమానించినారా ఆంటీ?”

“అనుమానించినాను. మూడో ప్రతి నీకే పంపినాను.”

“నలభై మూడు,” అంది రాధారాణి. “నలభై సాలు కదా, ఆంటీ మూడు టన్నులు ఊరికే ఎందుకు పారేసినారా అనుకున్నాను. అది మీరు పెట్టిన గుర్తని అప్పుడే తెల్సింది నాకు. అందుకే ఎవులికీ సెప్పనేదు.”

తబిత ఆమెను ఒకసారి పరీక్షగా చూసింది. “నా శాఖ నువ్వు తీసుకో,” అంది.

సోమవారం పొద్దున్నే, పది కొట్టకముందే తబిత కొత్త ఖాతా తెరిచింది. ఆట నియమం ప్రకారం కొత్తవాళ్ళకు ఒక గ్రహం, పన్నెండు రేవులు, ఒకే ఒక్క సరుకు పడవ ఇస్తారు. ఆటగాడి పేరు అడిగిన చోట ఇద్దరి పేర్లూ రాసింది, సొలొమోనుది ముందు. వ్యాగన్ దాదా వెళ్ళిపోయాడని అవతల పిల్లలు పన్నెండు ఏడుపు బొమ్మలు పంపారట.

సాయంత్రం ఆయన షిఫ్టు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, టీ గ్లాసుతో బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. తబిత టాబ్ తిప్పి చూపించింది. వాళ్ళ చిన్న గ్రహం పైన ఒక చుక్క మిణుకుమంటోంది. పొద్దున పదింటి నుంచీ అక్కడే ఉంది.

“ఏటది?”

“వేగు నౌక. రాధారాణిది. చార్జి తీసుకుని ఒక్క రోజు కాలేదు, నా మీదికే పంపింది.” ఆ గొంతులో కోపం లేదు. పదో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల గురించి చెబుతున్నట్టుంది.

“కూల్చేద్దామా?”

“దేంతో, ఆ పడవతోనా? చూడనీండి. ఏం చూడాలో మనం అనుకుందాం.” రేవుల్లో నౌకలు కడుతుంటే పైనుంచి దీపాలు కనిపిస్తాయి. దీపాలకు నౌకలు అక్కర్లేదు. తబిత ఒక్కొక్క రేవునే తాకుతూ, రేపు పదింటికి కనపడేలా పన్నెండింటికీ దీపాలు వెలిగించింది. గ్రహం పండగలా ఉంది.

సొలొమోను కళ్ళద్దాలు పెట్టుకుని, తెర మీదికి వంగి చూశాడు. టీ ఒక గుక్క తాగాడు. చెప్పాలా వద్దా అని ఆగాడు.

“చెప్పండి,” అంది తబిత.

“అన్నీ ఎలిగిస్తే అబద్ధమని తెలిసిపోతాది. ఏ షాపులోనూ అన్ని లైన్లూ ఒక్కసారి నడవవు. ఒకదాంట్లో క్రేన్ పాడవుతాది, ఒకదానికి సామాను రాదు.”

“ఏవి ఆర్పమంటారు?”

ఆయన ఆలోచించాడు. “మూడోది. ఎనిమిదోది.”

తబిత మూడోదీ ఎనిమిదోదీ ఆర్పింది.